లివర్ కింద నట్టు తిప్పడం హ్యాండ్ బ్రేక్ రిపేరు కాదు

హ్యాండ్ బ్రేక్ సరిగ్గా పట్టడం లేదంటే చాలు, లివర్ కవర్ ఊడదీసి లోపలి నట్టు నాలుగు చుట్లు బిగించి పంపేస్తారు. వదలడం లేదంటే అదే నట్టు నాలుగు చుట్లు వదులు చేస్తారు. ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. దీన్ని రిపేరు అనడం నేను ఒప్పుకోను. ఆ నట్టు ఉన్నది కేబుల్ సాగితే ఆ లూజు తీయడానికి. డ్రమ్‌కు లోపలినుంచి అదుముకుని చక్రాన్ని ఆపే బ్రేక్ షూలు అరిగిన సంగతీ, తుప్పుపట్టిన కేబుల్ సంగతీ బయటపడకుండా చేయడానికి కాదు.

వెనక డ్రమ్ బ్రేకులున్న బండిలో దీనివల్ల జరిగే నష్టం పైకి కనిపించదు. డ్రమ్ లోపల కేబుల్ కొస ఒక చిన్న లివర్‌కు తగిలి ఉంటుంది, ఆ లివర్ ఒక షూకు పిన్నుతో బిగించి ఉంటుంది. కేబుల్ లాగితే అది మధ్యలోని అడ్డకమ్మీని తోసి రెండు షూలనూ డ్రమ్‌కు అదుముతుంది. వదిలేస్తే పూర్తిగా వెనక్కి వచ్చి షూ అంచుకు ఆనాలి. అలా ఆనినప్పుడే షూకు, డ్రమ్‌కు మధ్య సందును సరిచేసే ఆటో అడ్జస్టర్ తన పని తాను చేసుకోగలదు. పైన నట్టు ఎక్కువ బిగిస్తే ఈ లివర్ ఎప్పుడూ కాస్త లాగినట్టే ఉండిపోతుంది, అడ్జస్టర్ ఆగిపోతుంది. షూ మీది రాపిడి పొర, అంటే లైనింగ్, అరిగేకొద్దీ షూకు, డ్రమ్‌కు మధ్య సందు పెరుగుతుంది. కాలి బ్రేక్ పెడల్ కిందికి పోతుంది. అప్పుడు గాలి చేరిందనుకుని బ్రేక్ ఆయిల్ మారుస్తారు. అసలు తప్పు మాత్రం పైన నట్టు దగ్గరే ఉంటుంది!

కాబట్టి ముందు షూలు, ఆ తర్వాతే కేబుల్. నట్టును బాగా వదులు చేయండి. వెనక ప్లేటుకున్న రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్‌తో అడ్జస్టర్ పళ్ళచక్రం తిప్పండి. బండి చక్రం చేత్తో తిప్పితే షూ డ్రమ్‌కు రాసుకుంటున్న చప్పుడు వచ్చాక, ఆ చప్పుడు పోయేవరకు వెనక్కి తిప్పండి. రెండు వైపులా అయ్యాక పెడల్‌ను పదిసార్లు గట్టిగా తొక్కితే షూలు డ్రమ్ మధ్యలో కుదురుకుంటాయి. నట్టు వంతు అప్పుడొస్తుంది. చాలా బండ్లలో లివర్ పైకి లాగితే 5 నుంచి 8 టిక్కుల మధ్య బండి గట్టిగా నిలబడాలి. మీ బండికి ఎన్నో మాన్యువల్‌లో ఉంటుంది. ఎన్నైనా సరే, లివర్ కిందికి దించితే రెండు చక్రాలూ చేత్తో తేలిగ్గా తిరగాలి.

బ్రేక్ పట్టేసి వదలకపోతే ఊహించి పార్టులు మార్చకండి, లోపం ఎక్కడుందో బండే చూపిస్తుంది. చదునైన నేల మీద ముందు చక్రాలకు రెండు పక్కలా దిమ్మలు అడ్డం పెట్టి, వెనక భాగం ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. ఒట్టి జాకీని నమ్ముకుని కింద దూరకండి. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ కిందికి. రెండు చక్రాలూ పట్టేసి ఉంటే లోపం లివర్ దగ్గరో, ముందు కేబుల్‌లోనో, రెండు వైపులా సమంగా లాగే పట్టీ దగ్గరో ఉంటుంది. ఒకటే పట్టేస్తే ఆ వైపు కేబుల్‌లోనో, ఆ చక్రంలోనో ఉంటుంది. ఇప్పుడు నట్టు పూర్తిగా వదులు చేసి మళ్ళీ తిప్పి చూడండి. చక్రం వదిలితే లోపం కేబుల్ వైపే. వదలకపోతే ఆ చక్రం దగ్గర గాలి తీసే బ్లీడర్ స్క్రూ కాస్త తెరవండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేసిందా, అయితే దానికీ హ్యాండ్ బ్రేక్‌కూ సంబంధం లేదు, రబ్బరు హోస్ లోపల మూసుకుపోవడం లాంటి ఆయిల్ వైపు లోపం అది. పరీక్షయ్యాక స్క్రూ బిగించి, గాలి తీసి, ఆయిల్ మట్టం సరిచూడండి.

వెనక డిస్కులున్న బండ్లలో ఇంకా తేలిక. కేబుల్ కొసను, డిస్కును ప్యాడ్లతో నొక్కే క్యాలిపర్ లివర్ నుంచి తప్పించండి. లివర్ టక్కున వెనక్కి వచ్చి దాని ఆనుకి తగిలితే క్యాలిపర్ బాగున్నట్టే, కేబులే దోషి. మధ్యలో ఆగిపోతే క్యాలిపర్‌లోని షాఫ్టు తుప్పుతో బిగదీసుకుపోయింది. బయట ఆయిల్ కొట్టి నాలుగుసార్లు ఆడిస్తే వదులుతుంది, కొన్నాళ్ళకు మళ్ళీ పట్టేస్తుంది. క్యాలిపర్ విప్పి బాగుచేయాలి, లేదా మార్చాలి. ఇంకో మాట, ఈ క్యాలిపర్లలో చాలావాటికి ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టన్‌ను సి-క్లాంపుతో నొక్కకూడదు. లోపల మరలు ఉంటాయి. తిప్పుతూ నొక్కే టూల్ వాడాలి. బలవంతంగా నొక్కితే బాగున్న క్యాలిపర్ కూడా పోతుంది.

కేబుల్ ఎందుకు పాడవుతుందో చాలామంది చూడరు. పై తొడుగు ఎక్కడో చిట్లుతుంది, లేదా కొసన ఉన్న రబ్బరు బూటు చిరుగుతుంది. నీళ్ళు లోపలికి వెళ్ళి, వంపు తిరిగిన చోట కిందిభాగంలో నిలుస్తాయి. లోపలి తీగ తుప్పుతో ఉబ్బి తొడుగును పట్టేస్తుంది. మన చెయ్యి లివర్‌ను లాగే బలం దాన్ని దాటిస్తుంది, వెనక్కి లాగే స్ప్రింగుకు అంత బలం ఉండదు. అందుకే బ్రేక్ పడుతుంది, వదలదు. అలాంటి కేబుల్‌కు నూనె పోయడం కాలయాపన. మార్చండి. వెనక రెండూ కలిపి మార్చడం మంచిది, ఒకే నీళ్ళు, ఒకే బురద తిన్న జత కదా.

కడిగాక, వానలో తడిశాక హ్యాండ్ బ్రేక్ వేసి వారం వదిలేస్తే లైనింగ్, డ్రమ్ తుప్పుతో అంటుకుపోతాయి. అప్పుడు యాక్సిలరేటర్ అదిమిపెట్టి లాగకండి, లైనింగ్ షూ నుంచి ఊడిరావచ్చు. ముందుకూ వెనక్కూ మెల్లగా కదపండి. అలా వదలకపోతే చక్రం తీసి, డ్రమ్ ముఖం మీద బోల్టుల మధ్య సుత్తితో చుట్టూ తట్టండి. చాలా డ్రముల ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలుంటాయి. వాటికి సరిపోయే బోల్టులు ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా బిగిస్తే డ్రమ్ దానంతటదే బయటికి వస్తుంది. లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి. వెనక ప్లేటు మీద షూలు రాసుకునే గడ్డల దగ్గర మాత్రం వేడికి తట్టుకునే బ్రేక్ గ్రీజు పల్చగా రాయండి. అక్కడ గుంటలు పడి ఉంటే షూ వాటిలో ఇరుక్కుంటుంది, గ్రీజుతో ఆ లోపం పోదు. లైనింగుకు గ్రీజు తగిలితే ఆ షూలు ఇక పనికిరావు.

ఇదంతా విని "అయితే హ్యాండ్ బ్రేక్ వాడకపోతే సరి" అనేవాళ్ళతో నాకు గట్టి పేచీ. వాడని కేబులే ముందు బిగుసుకుపోతుంది. రోజూ వాడండి. చాలా రోజులు బండి కదలదని తెలిస్తే మాత్రం, చదును నేల మీద గేరులో ఉంచి చక్రాలకు దిమ్మలు పెట్టి హ్యాండ్ బ్రేక్ వదిలేయండి. ఆటోమేటిక్ బండైతే కాలి బ్రేక్ మీదే ఉంచి న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేక్ వేయండి, పెడల్ వదిలి బండి బరువు దాని మీద పడనిచ్చాక మళ్ళీ పెడల్ తొక్కి పార్క్‌లో పెట్టండి. లేకపోతే వాలులో ఆ బరువంతా గేర్‌బాక్స్‌లోని చిన్న కొక్కెం మోస్తుంది.

బటన్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ బ్రేకుకు ఈ నట్టు కథ లేదు. ప్యాడ్లు మార్చేముందు సర్వీస్ మోడ్‌లో పెట్టి మోటార్లను వెనక్కి రప్పించకుండా పిస్టన్ నొక్కకండి.

డాష్‌బోర్డులో లైటు ఆరింది కదా అని ధీమా పడకండి. చాలా బండ్లలో ఆ స్విచ్ లివర్ కిందికి దిగిందనే చెబుతుంది, చక్రం వదిలిందని కాదు. పని అయ్యాక పది కిలోమీటర్లు నడిపి, బ్రేక్ ఎక్కువ వాడకుండా ఆపి, వెనక చక్రాల దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళండి, ముట్టుకోకండి. ఒక వైపు సెగ ఎక్కువగా తగిలితే అక్కడ ఇంకా పట్టేసే ఉంది. అలాగే నడిపితే ఆ చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ మరగవచ్చు. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకోవాలి, తేమ పీల్చిన పాతదానికి ఆ హద్దు 140 డిగ్రీలే. మరిగితే కాలి బ్రేక్ కూడా మెత్తబడి నేలకు దిగిపోతుంది. సెగ తేడా కనిపిస్తే బండిని ముందుకు తీసుకెళ్ళకండి, చల్లారనిచ్చి మళ్ళీ స్టాండ్ల మీదికి ఎత్తండి.