ఐదుగురు కలిసి ఒకమ్మాయి చేత చేయించిన ప్రాజెక్టు

మా హైస్కూల్లో తొమ్మిదో తరగతి గోడకి ఇప్పటికీ ఒక చార్టు వేలాడుతోంది. పైన ఎర్ర స్కెచ్‌తో 'ధవళేశ్వరం ఆనకట్ట' అని హెడ్డింగు. మధ్యలో నీలం గోదారి, దానికి అడ్డంగా నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. పని మొదలు 1847, పూర్తి 1852. ఎక్కడా తప్పు లేదు. కుడివైపు అడుగున ఐదు పేర్లున్నాయి. ఐదూ ఒకే చేతిరాత.

ఆ చేతిరాత ఎవరిదో నాకు తెలుసు. ఆ పిల్లకీ తెలుసు, మిగతా నలుగురికీ తెలుసు. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి అప్పట్లో పది మార్కులు కదా, తలా ఎనిమిది వేసి సంతకం పెట్టేశాను. సహకార విద్యకి నా సేవ అలా మొదలైంది.

పిల్లలకి కలిసి పనిచేయడం నేర్పడం లేదని పేపర్లలో వాపోయే పెద్దలు ఒక్కరోజైనా మా క్లాసుకొచ్చి చూసిన పాపాన పోలేదు. నేర్పుతున్నామండి. ఏడాదికి నాలుగుసార్లు, రికార్డుతో సహా నేర్పుతున్నాం. ఆ చార్టు తయారైన రోజు నేను దగ్గరే ఉన్నాను కాబట్టి సాక్ష్యం చెప్పగలను.

"గ్రూపులుగా కూర్చోండర్రా" అన్నాను. బెంచీలు జరిపిన మోతకి పక్క క్లాసు మేడమ్ గారు తొంగిచూసి వెళ్లారు. చార్టు నేలమీద పరిచారు. ఆ పిల్ల బోర్లా పడుకుని పెన్సిల్ అందుకుంది. ఇక్కడ ఒక సాంకేతిక విషయం ఉంది, విద్యావేత్తలు గమనించాలి. చార్టు మీదికి ఇద్దరు వంగితే మూడో తలకి చోటుండదు. నాలుగో తల వంగితే బొమ్మ మీద నీడ పడుతుంది. అంచేత పని విభజన మేం చేసేది కాదు, చార్టు సైజే చేసేస్తుంది. ఒకడు స్కేలు పట్టుకున్నాడు. గీయడానికి కాదులెండి, అడిగినప్పుడు అందించడానికి. ఇంకొకడు పెన్సిళ్లు చెక్కాడు. పీరియడ్ అయ్యేసరికి రెండు కొత్త పెన్సిళ్లు మేకుల సైజుకొచ్చాయి. ఇంకో అమ్మాయి చార్టు కొని తెచ్చింది కాబట్టి పెట్టుబడిదారు హోదాలో పక్కన కూర్చుని జడ వేసుకుంది. ఐదోవాడు ఆ రోజు బడికే రాలేదు.

ప్రజెంటేషన్ రోజు మాత్రం వచ్చాడు. చార్టు ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, "మేము ఈ ఆనకట్ట గురించి కూలంకషంగా పరిశీలించామండి" అన్నాడు. వాడి గొంతు బాగుంటుంది. చప్పట్లు మోగిపోయాయి. సొమ్మొకడిది సోకొకడిది అనేది మా అమ్మమ్మ. దాన్నే మేమిప్పుడు కమ్యూనికేషన్ స్కిల్స్ అంటున్నాం.

ఆ చార్టులో ఉన్న ఆనకట్ట కూడా గ్రూపు ప్రాజెక్టే కదా అని నాకు తర్వాత తట్టింది. వేలమంది కూలీలు రాళ్లు మోశారు. వీణం వీరన్న గారు కాటన్ దొర పక్కనే ఉండి పని నడిపించారు. ఊరూరా విగ్రహం మాత్రం దొరది. అక్కడ పని వేలమందిది, పేరు ఒక్కరిది. మా క్లాసులో పని ఒక్కరిది, పేర్లు ఐదు. ఈ నూట డెబ్బై ఏళ్లలో మనం సాధించిన ప్రజాస్వామ్యం ఇది. దీన్ని ఎవరూ గుర్తించరేం?

ఇదంతా మన ఒక్కళ్ల దరిద్రమే అనుకోకండి. ఫ్రాన్సులో రింగెల్‌మన్ అని ఒక వ్యవసాయ ఇంజినీరు ఉండేవాడు. మనుషుల చేత తాడు లాగించి, ఎవరెంత బలం పెడుతున్నారో పరికరంతో కొలిచాడు. ఒక్కడే లాగినప్పుడు పెట్టిన బలం, ఎనిమిదిమందిలో ఒకడిగా లాగినప్పుడు దాదాపు సగానికి పడిపోయింది. ఈ లెక్కలన్నీ 1913లో అచ్చువేశాడు. కూడబలుక్కుని లాగడం కుదరక కూడా బలం పోతుందని, కావాలని వదిలేయడం ఒక్కటే కారణం కాదని ఆయన మర్యాదగా వాదించాడు. 1974లో అమెరికావాళ్లు ఆ మర్యాద కూడా పక్కనపెట్టారు. మనుషులకి కళ్లగంతలు కట్టి, తాడు చేతికిచ్చి, నీ వెనక ఇంకా కొందరు లాగుతున్నారని చెప్పారు. వెనక లాగేవాళ్లెవరూ లేరు. అయినా ముందున్నవాడు చెయ్యి సడలించేశాడు. పరికరాలూ గంతలూ లేకుండానే మనవాళ్లు ఇదంతా ఒక్క పాముతో తేల్చేశారు: పదిమందిలో పాము చావదు.

ఇక్కడితో ఊరుకోవచ్చు కదా. దీనికి మందుందని నమ్మేవాళ్లు ఆ దేశాల్లోనే బయల్దేరారు. మిన్నెసోటా యూనివర్సిటీలో డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ అని ఇద్దరు ప్రొఫెసర్లు. స్వయానా అన్నదమ్ములు. కలిసి నేర్చుకోవడం ఎలాగో దశాబ్దాలపాటు ఇద్దరూ కలిసి పరిశోధించారు. ఈ మాట స్టాఫ్ రూమ్‌లో చెబితే మా లెక్కల మాస్టారు నమ్మలేదు. "అన్నదమ్ములా? కలిసా? మధ్యలో గట్టు లేదాండీ?" అన్నారు. ఆయనకి వాళ్ల తమ్ముడితో అరకుంచం నేల మీద కేసు నడుస్తోంది లెండి.

ఆ అన్నదమ్ములు చెప్పేదేమిటంటే, నలుగుర్ని ఒకచోట కూర్చోబెట్టి పని పడేస్తే అది గ్రూపు అయిపోదట. ఒకరి పని ఇంకొకరికి అవసరపడేలా ముందే కట్టాలట. ఎవరి వంతుకి వాళ్లే జవాబు చెప్పాలట. మొహమొహాలు చూసుకుని మాట్లాడుకోవాలట, ఆ మాట్లాడుకోవడం కూడా పాఠంలా నేర్పాలట. ఆఖర్న ఎలా పనిచేశామో కాసేపు కూర్చుని చెప్పుకోవాలట. ఈ చివరిదొక్కటీ మనకి బాగా వచ్చు. పనయ్యాక ఆ పనికి రానివాడి గురించి ఎంతసేపైనా మాట్లాడగలం.

మాట్లాడుకోవడం నేర్పాలనే సంగతి మాత్రం నాకు కొంచెం గుచ్చుకుంది. ఇన్నేళ్ల సర్వీసులో "నువ్వు చెప్పింది నాకు అర్థం కాలేదురా, ఇంకోసారి చెప్పు" అని ఒక పిల్లాడు ఇంకో పిల్లాడితో అనగా నేను వినలేదు. నేను రోజూ వినేది ఒకటే మాట: "మాస్టారండీ, వీడు చెయ్యట్లేదండీ." తగువొస్తే పైకోర్టుకి పోవడమే తప్ప కింద కూర్చుని తేల్చుకోవడం మేం నేర్పలేదు. నేర్పాలంటే ముందు మాకు రావాలి. స్టాఫ్ మీటింగులు ఎలా జరుగుతాయో నన్నడక్కండి. మినిట్స్ బుక్కు ముందే రాసి ఉంటుంది, సంతకానికి చేతులు మారుతుంది.

అయినా ఒకసారి బుద్ధి గడ్డితిని కొత్త పద్ధతి ప్రయత్నించాను. జిగ్‌సా అంటారు. ఎలియట్ అరాన్సన్ అనే మనస్తత్వవేత్త 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో మొదలుపెట్టాడు. అప్పటిదాకా వేరువేరు బళ్లలో చదివిన తెల్లపిల్లల్ని, నల్లపిల్లల్ని, మెక్సికో మూలాల పిల్లల్ని ఒకే క్లాసులో కూర్చోబెట్టేసరికి కొట్లాటలయ్యాయి. అప్పుడాయన పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. పక్కవాడి ముక్క కావాలంటే పక్కవాడి మాట వినాలి. వేరే దారి లేదు. మనకలాంటి గొడవలేమీ లేవు. మా క్లాసులో "మీకు నచ్చినవాళ్లతో గ్రూపు కట్టుకోండి" అంటే రెండు నిమిషాల్లో కట్టేసుకుంటారు, అటెండెన్స్ రిజిస్టర్లో లేని కాలమ్ ఒకటి చూసుకుని. రామాలయం వీధి ఒక పక్క, పేట ఒక పక్క. ఒక్క గొడవ కాదు. ఎంత శాంతంగా ఉంటుందో చెప్పలేను.

నలభైమందిని నేనే చీట్లు తీసి ఎనిమిది గ్రూపులు చేశాను. గోదారి డెల్టా పాఠాన్ని ఐదు ముక్కలు చేశాను: గౌతమి, వసిష్ఠ, వైనతేయ అనే మూడు పాయలు, ఆనకట్ట, కాలువలు. ముందు ఒకే ముక్క వచ్చినవాళ్లంతా ఒకచోట చేరి దాన్ని పట్టుబట్టి చదవాలి. తర్వాత సొంత గ్రూపుకి తిరిగొచ్చి మిగతా నలుగురికీ చెప్పాలి. ఆఖర్న పరీక్ష ఎవరిది వాళ్లే రాయాలి.

వైనతేయ ముక్క స్కేలు పట్టుకునే కుర్రాడికి పడింది. పి.గన్నవరం వైపు నుంచి వస్తాడు. జూన్ నుంచి వాడి గొంతు నేను "ప్రెజెంట్ సార్"కి మించి వినలేదు. చార్టు పిల్ల నోట్సు తెరిచి పెన్ను పట్టుకుని వాడి ఎదురుగా కూర్చుంది. వాడు నేల చూపులు చూస్తూ, "కింద ఏరు పోద్ది, పైన కాలవ పోద్ది" అన్నాడు.

"ఏరు మీద కాలవేంట్రా?"

"అక్విడెక్టు. ఆ పక్క లంకలకి నీళ్లెళ్లాలి కదా. మరి ఏరు దాటాలి కదా."

"ఎలా దాటుద్ది?"

వాడు ఆ పిల్ల చేతిలో పెన్ను తీసుకున్నాడు. ఆ పిల్ల పెన్ను ఎవరికీ ఇవ్వదు. ముందు కమానులు గీశాడు, వాటి కింద అలలు, వాటి పైన తొట్టిలాగా ఇంకో నీళ్ల గీత. రోజూ దాని పక్కనుంచే సైకిల్ మీద వస్తున్నాడు కాబట్టి కమానుకీ కమానుకీ మధ్య ఎడం కూడా సరిగ్గా కుదిరింది. ఆ పిల్ల చూసి, "ఇంకోసారి చెప్పు" అంది.

నేనొక క్షణం అలాగే నిలబడిపోయాను. సరిగ్గా ఆ క్షణానికే గుమ్మంలో హెడ్మాస్టారు ప్రత్యక్షమయ్యారు.

"ఏంటండీ మాస్టారూ, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులా ఉందీ?"

"గ్రూపు వర్కండి."

"ఆయ్, చేయించండి చేయించండి. సైలెంటుగా చేయించండి."

ఆయన తప్పేం లేదు. చీట్లు రాయడానికి నాకు ఒక ఆదివారం పోయింది. పాఠానికి మూడు పీరియడ్లు పట్టింది. సిలబస్‌లో వారం వెనకబడ్డాను. ఆ లెక్క తనిఖీకొచ్చినవాళ్లు అడుగుతారు. ఒక కుర్రాడు నోరు విప్పాడని రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు. తర్వాతి ఫార్మేటివ్‌కి మళ్లీ చార్టులకే వచ్చేశాను. నలభైమందికి ఎనిమిది చార్టులు, క్లాసంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలోంచే ఒక ఫోన్ వచ్చింది. చార్టు పిల్ల వాళ్ల నాన్నగారు. "మా అమ్మాయి ఒక్కత్తే చేసిందంటండి. మార్కులు మాత్రం అందరికీ సమానంగా పంచేశారంట. ఇదేం న్యాయమండి?" అన్నారు. న్యాయంగా అడిగారు. ఆయన మా ఊరి నీటి సంఘంలో సభ్యులు. కాలువలు రైతులే కలిసి చూసుకోవాలని 1997లో చట్టం వచ్చాక పుట్టిన సంఘాలవి. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు తగ్గి వంతులు పెట్టినప్పుడు ఆయన పొలం బోదెకి వంతు లేని రాత్రుళ్లు కూడా నీళ్లెలా వస్తాయో శివారు రైతులకి ఇప్పటికీ అంతుపట్టని రహస్యం. "మీరన్నది నిజమేనండి, ఎవరి వంతు వాళ్లదే" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మార్కుల సంగతి వదిలేసి వానల గురించి అడిగారు.

ఆత్రేయపురం వెళ్లినప్పుడు ఒకింటి వసారాలో ఇద్దరాడవాళ్లు పూతరేకులు చేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఒకావిడ బోర్లించిన కుండ మీద తడిగుడ్డతో పిండి నీళ్లు ఒక్క లాగు లాగుతుంది, చిటికెలో రేకు లేస్తుంది. రెండో ఆవిడ నెయ్యి రాసి పంచదార చల్లి మడత పెడుతుంది. ఒక రేకు చిరిగింది. మడతపెట్టే ఆవిడ తల ఎత్తకుండానే "వదినా, పిండి పల్చనైంది" అంది. ఆవిడ గిన్నెలో ఇంకాస్త పిండి కలిపింది. అంతే. మాస్టార్ని కదా, ఊరుకోలేక, ఇలా కలిసి చేయడం మీకెవరు నేర్పారమ్మా అని అడిగాను. "నేర్పేదేటండీ బాబూ, తను చింపితే నేను చుట్టలేనండి. నేను చుట్టకపోతే తన రేకులు ఎవరు కొంటారండి?" అంది. మిన్నెసోటా అన్నదమ్ములకి దశాబ్దాలు పట్టింది. ఇక్కడ నా చేతిలోని పూతరేకు పూర్తయ్యేలోపు అయిపోయింది.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాను. మొసలపల్లి దగ్గర కొబ్బరితోట అది, గుడి అంటూ ఏమీ ఉండదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండుమంది రుద్రులు ప్రభల మీద, అంటే గుడ్డలూ పూలూ కట్టిన ఎత్తైన వెదురు చట్రాల మీద, వచ్చి కొలువుతీరతారు. గంగలకుర్రు ప్రభలకి దారిలో కౌశిక అనే ఏరు అడ్డం. పీకల్లోతు నీళ్లలో ప్రభని భుజాల మీద దాటిస్తారు. జనంతోపాటు నేనూ గట్టెక్కి నిలబడ్డాను. "శరభ శరభ" అని అరుపులు. పైన రంగురంగుల గుడ్డలు, పూలదండలు ఊగుతున్నాయి. ప్రభ ఒరగకుండా గట్టు మీద తాడు పట్టుకున్న కుర్రాళ్లలో ఒకణ్ణి చూసి నా కళ్లని నేను నమ్మలేకపోయాను. మా ఐదోవాడు! చార్టు రోజు రానివాడు. మోకాళ్లదాకా బురద, గొంతు బొంగురుపోయింది.

"బాబాయ్, ఎడం పక్క దిగుతోంది, ఎత్తు!" అని వాడు నీళ్లలో ఉన్న పెద్దాయన మీద అరిచాడు. పెద్దాయన ఎత్తాడు. తిరిగి "నీ తాడు సడలిందిరా" అని ఆయన అరిచాడు. వీడు రెండడుగులు వెనక్కేసి బిగించాడు. పైకోర్టుకి ఎవరూ రాలేదు. పెన్సిళ్లు చెక్కేవాళ్లెవరూ నాకు కనబడలేదు, బహుశా అందరూ తడిసి ఉండటం వల్ల.

అప్పుడు వాడు నన్ను చూశాడు.

"మాస్టారండీ! రండి, ఓ చెయ్యెయ్యండి!"

వెళ్లాను. ఎడం చెయ్యి తాడు మీద వేశాను. కుడిచేతిలో ఫోన్ ఉంది. నా ముందు నలుగురు, వెనక ముగ్గురు ఉన్నట్టు గుర్తు. తాడు ఎప్పుడు బిగిసిందో, ఎప్పుడు సడలిందో నాకు తెలియలేదు కానీ ఫొటో మాత్రం చక్కగా వచ్చింది. ఆ రాత్రి స్టాఫ్ గ్రూపులో పెట్టాను, 'విద్యార్థులతో కలిసి ప్రభను ఏరు దాటించిన వేళ' అని రాసి. మొదటి నమస్కారం బొమ్మ హెడ్మాస్టారిదే.