నాలుగు అరచేతులంత చోటు

గత శనివారం సాయంత్రం మా అపార్ట్‌మెంటు కింద పార్కింగులో పది మంది తెలుగువాళ్ళం కలిశాం. బెంగళూరు హూడీ ప్రాంతంలోని ఈ సముదాయంలో సగం ఇళ్ళు మనవాళ్ళవే. రెండో అంతస్తులో ఉండే నెల్లూరు తమ్ముడు కొత్తగా పెద్ద ఎస్‌యూవీ కొన్నాడు. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, అందరికీ మిఠాయి పంచాక అసలు సంగతి చెప్పాడు. క్రిస్మస్ సెలవుల్లో రెండు కుటుంబాలు, ముగ్గురు పిల్లలతో ఈ బండిలోనే బెంగళూరు నుంచి మనాలి వెళ్తారట. అక్కడి నుంచి అటల్ టన్నెల్ దాటి లాహౌల్ లోయలోని సిస్సు ఊరి దాకా.

"ఆ రోజుల్లో మంచు బాగా పడుతుంది కదా తమ్ముడూ" అన్నాను.

"పడనీ అన్నా. ఇది ఫోర్ వీల్ డ్రైవ్. రెండు టన్నుల బండి. మంచు దీన్నేం చేస్తుంది?" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నేను మాట్లాడలేదు. కొత్త బండి పూజ జరిగిన పూట, ఇంటి ఆడవాళ్ళ ముందు, పిల్లల ముందు అపశకునం పలికినట్టు ఉంటుందని ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక ఆ మాటే చెవిలో తిరిగి నిద్ర పట్టలేదు. అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. తమ్ముడు కూడా చదువుతాడు. చదవాలనే రాస్తున్నాను.

ఉద్యోగరీత్యా ఐదు చలికాలాలు అమెరికాలోని మినియాపొలిస్‌లో గడిపాను. అక్కడ ఏటా మొదటి మంచు పడిన ఉదయం ఒకే దృశ్యం చూసేవాణ్ణి. ఇంటర్‌స్టేట్ 94 రహదారి పక్కన పల్లంలోకి జారి, ఒరిగి, కొన్నిసార్లు తలకిందులై పడి ఉన్న వాహనాలు. వాటిలో చిన్న కార్లకంటే పెద్ద పికప్ ట్రక్కులు, ఎస్‌యూవీలే నాకు ఎక్కువగా కనిపించేవి. మొదటి ఏడాది ఆశ్చర్యపోయాను. అంత బలమైన బండ్లు, అంత ఎత్తైన చక్రాలు, మంచులోనే పుట్టి పెరిగిన డ్రైవర్లు, వాళ్ళెలా పడిపోయారని.

మూడో చలికాలంలో ఆ సంగతి నాకు స్వయంగా తెలిసివచ్చింది. జనవరి ఉదయం, చిన్న వాలు దిగువన ఎర్ర లైటు దగ్గర ఆగి ఉన్నాను. పక్కన నా భార్య. అద్దంలో చూస్తే వెనక నుంచి ఒక పికప్ ట్రక్కు వస్తోంది. పెద్ద వేగమేమీ కాదు, గంటకు నలభై కిలోమీటర్లు ఉంటుందేమో. డ్రైవరు భుజాలు బిగుసుకోవడం కనిపించింది. బ్రేకు నొక్కాడు. బండి వస్తూనే ఉంది. స్టీరింగు తిప్పాడు. చక్రాలు తిరిగాయి, బండి తిరగలేదు. నాకు ముందుకు జరగడానికి చోటు లేదు, దిగి పరుగెత్తడానికి వ్యవధి లేదు. నా భార్య చేయి పట్టుకున్నాను, అంతే.

ఆమె మెడనొప్పి తగ్గడానికి మూడు నెలలు పట్టింది. ఆ డ్రైవరు దిగి, తలుపు పట్టుకుని తూలుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. మంచివాడే, చేతులు వణుకుతున్నాయి. "ఇది ఫోర్ వీల్ డ్రైవ్. ఎందుకు ఆగలేదో నాకు అర్థం కావడం లేదు" అని మూడుసార్లు అన్నాడు. అతను బుకాయించడం లేదు. అతనికి నిజంగానే అర్థం కాలేదు. శనివారం సాయంత్రం తమ్ముడి నోటి వెంట వచ్చిన మాటా అదే. ఒకరు ప్రమాదానికి ముందు అన్నారు, ఒకరు తర్వాత అన్నారు.

ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ఇంజిను శక్తి నాలుగు చక్రాలకూ అందడం. అది బండిని కదిలించడానికి పనికొస్తుంది, బురదలోంచి, ఇసుకలోంచి, మంచులోంచి పైకి లాగడానికి పనికొస్తుంది. ఆపడానికి దానితో పని లేదు. చౌకైన చిన్న కారుకు కూడా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. బ్రేకు నొక్కాక బండి ఆగడమన్నది టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టు మీద ఆధారపడుతుంది. ఒక్కో టైరు నేలను తాకే చోటు సుమారు అరచేయంత, పెద్ద బండికైతే ఇంకొంచెం ఎక్కువ. రెండు టన్నుల ఇనుము, లోపల ఏడుగురు మనుషులు, అందరి భారమూ ఆ నాలుగు అరచేతులంత చోటు మీదే.

బరువు ఎక్కువైతే పట్టు ఎక్కువ కదా అని చాలామంది అడుగుతారు. బరువు టైరును నేలకు గట్టిగా అదుముతుంది, నిజమే. ఆపాల్సిన భారం కూడా సరిగ్గా అంతే పెరుగుతుంది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో పోతుంది. మిగిలేది ఒక్కటే తేడా: జారి వెళ్ళి ఎవరిని గుద్దితే వాళ్ళకు తగిలే దెబ్బ. బ్రిటన్‌లో డ్రైవింగు నేర్చుకునేవాళ్ళు చదివే హైవే కోడ్, గడ్డకట్టిన రోడ్డు మీద బండి ఆగే దూరం పొడి రోడ్డుతో పోలిస్తే పది రెట్లు దాకా ఉండవచ్చని చెబుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో పొడి రోడ్డు మీద బ్రేకు పడ్డాక కారు సుమారు 15 మీటర్లలో ఆగుతుంది. దాన్ని పదితో హెచ్చిస్తే 150 మీటర్లు. క్రికెట్ మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా బ్రేకు మీద కాలు పెట్టుకుని జారుతూ పోవడమే. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది.

నేను గమనించిన అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. చిన్న కారు నడిపేవాడికి మంచు మొదటి సిగ్నల్ దగ్గరే పాఠం చెబుతుంది. లైటు మారి యాక్సిలరేటర్ నొక్కగానే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, గుండె గుభేలుమంటుంది. ఆ రోజంతా ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుపుతాడు. పెద్ద బండికి ఆ అనుభవం రాదు. అది సాఫీగా కదులుతుంది, ఎత్తు మీద కూర్చున్నవాడికి వేగం కూడా తక్కువగా తోస్తుంది. రోడ్డు జారుతోందన్న కబురు అతనికి మొదటిసారి చేరేది బ్రేకు నొక్కినప్పుడు. అప్పటికి ముందు ఎవరో ఉంటారు.

మనాలి దారి సంగతికి వస్తే, మంచు పడిన రోజుల్లో ఊరికి పైనున్న సోలంగ్ లోయ దాటి వెళ్ళడానికి పోలీసులు ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలనో, చక్రాలకు గొలుసులు కట్టినవాటినో మాత్రమే అనుమతిస్తుంటారు. ఎక్కలేని బండి దారిలో నిలిచిపోతే వెనకున్నవన్నీ ఆగిపోతాయి కాబట్టి ఆ నిబంధన. మనవాళ్ళు దాన్ని భద్రతకు హామీ పత్రంలా చదువుకుంటున్నారు. ఎక్కడానికి ఇచ్చిన అనుమతి దిగడానికి సరిపోదు. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన అటల్ టన్నెల్ పొడవు 9.02 కిలోమీటర్లు, అది ఉన్నది సముద్రమట్టానికి మూడు వేల మీటర్లకు పైగా ఎత్తులో. టన్నెల్ లోపల రోడ్డు పొడిగా ఉంటుంది, బయట పడగానే మంచు. అక్కడ పగటి ఎండకు కరిగిన నీరు రాత్రికి గాజుపొరలా గడ్డకడుతుంది. తారు రంగే కనిపిస్తుంది, పొర కనిపించదు. గడ్డకట్టి కొంచెం కరుగుతున్న మంచు, బాగా చల్లగా ఉన్న మంచుకంటే ఎక్కువ జారుతుంది కూడా. వంతెనలకు పైనా కిందా చల్లగాలే కాబట్టి అవి మిగతా రోడ్డుకంటే ముందే గడ్డకడతాయి.

2024 డిసెంబరులో సోలంగ్‌కూ టన్నెల్‌కూ మధ్య సుమారు వెయ్యి వాహనాలు మంచులో చిక్కుకుపోయాయి. ఆ రోజుల్లో వచ్చిన వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు, జారిపోతున్న బండిలోంచి డ్రైవర్లు దూకేయడం. అంతకు ఏడాది ముందు, 2023 క్రిస్మస్ రోజుల్లో, ట్రాఫిక్ తప్పించుకోవడానికి ఒకాయన తన థార్ జీపును లాహౌల్‌లో చంద్రా నదిలోకే దించి నడిపాడు. పోలీసులు జరిమానా వేశారు. ఆ వీడియో కింద మెచ్చుకోళ్ళు చదివి నాకు కడుపు రగిలిపోయింది. నది అడుగున ఒక్క రాయి అటో ఇటో ఉంటే ఆ మెచ్చుకున్నవాళ్ళు ఏం రాసేవారు?

బెంగళూరులో మంచు లేదు కదా, మనకెందుకు అనుకునేవాళ్ళకు ఒక మాట. ఆ ధీమాకు మంచే అక్కర్లేదు, వాన చాలు. పోయిన అక్టోబరులో వర్తూరు దగ్గర మోకాలి లోతు నీళ్ళు నిలిచిన రోడ్డు మీద మేమంతా అంచున ఆగి ఉన్నాం. వెనక నుంచి ఒక పెద్ద బండి హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటి నీళ్ళలోకి వేగంగా దూసుకుపోయింది. దానికేమీ కాలేదు. అది లేపిన అల అంచున ఉన్న ఒక స్కూటర్‌ను పడేసింది. స్కూటర్ మీద తల్లి, స్కూలు బ్యాగుతో పాప. నేనూ ఇంకో ఇద్దరూ పరుగెత్తి పాపను నీళ్ళలోంచి ఎత్తాం. దెబ్బలు పెద్దవి కావు. ఆ పిల్ల పెదవులు మాత్రం చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి. బండి నడిపినవాడు వెనక్కి చూడలేదు. అంత ఎత్తు నుంచి అతనికి తెలిసి కూడా ఉండదు. ఆ తెలియకపోవడమే నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, వాళ్ళలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్ళేవాళ్ళే.

2023 మే 21న కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో జరిగింది ఈ ఊళ్ళో ఏ తెలుగు కుటుంబమూ మరిచిపోలేదు. నీళ్ళు నిండిన అండర్‌పాస్‌లోకి దిగిన కారు మధ్యలో ఆగిపోయింది. ఊరి నుంచి వచ్చిన కుటుంబాన్ని ఈ నగరం చూపిస్తున్న మన తెలుగు అమ్మాయి తిరిగి రాలేదు. నిండిన నీళ్ళ లోతు పైనుంచి ఎవరికీ తెలియదు. ప్రవాహం ఉంటే సుమారు 60 సెంటీమీటర్ల నీరు పెద్ద ఎస్‌యూవీని కూడా తేల్చుకుపోగలదు. ఇంజినులోకి నీరు చేరితే గాలిలా నొక్కుకుపోదు, లోపలి కడ్డీలు వంగి ఇంజిను బిగుసుకుపోతుంది.

పెద్ద బండి కొన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు. నా దగ్గరా అలాంటిదే ఉంది. అమ్మకు కాళ్ళ నొప్పులు, చిన్న కారులోకి వంగి ఎక్కలేదు. ఈ ఊరి గుంతలు సరేసరి. కొన్నదాన్ని కవచంలా భావించి, దాని బలాన్ని ఎదుటివాళ్ళ ప్రాణాల మీద పరీక్షించడమే నేను సహించలేనిది.

తమ్ముడూ, మనాలి వెళ్ళు. పిల్లలు మంచు చూడాలి. మంచు పడితే మాత్రం నీ బండిని మనాలిలోనే ఉంచి, ఆ రోడ్డు మీదే బతికే స్థానిక డ్రైవరు బండి మాట్లాడుకో. వాళ్ళు చక్రాలకు గొలుసులు కట్టుకుని, చిన్న గేరులో, నడిచే మనిషి కంటే కొంచెం వేగంగా దిగుతారు. నువ్వే నడపక తప్పని చోట, ఎవరూ లేని సమతల స్థలంలో పది కిలోమీటర్ల వేగంలో ఒకసారి బ్రేకు నొక్కి చూడు, ఎంత దూరం జారిందో పిల్లలతో అడుగులు లెక్కపెట్టించు. మంచులో ఇరుక్కుంటే హీటరు కోసం ఇంజిను నడుపుతూ అద్దాలు మూసుకుని పడుకోవద్దు. పొగగొట్టాన్ని మంచు మూసేస్తే విషవాయువు లోపలికి వస్తుంది. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీలో కార్లలో చిక్కుకున్న ఇరవై మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో చాలామంది అలా పోయినవాళ్ళే.

రేపు ఆదివారం ఉదయం ఏడింటికి కిందికి వస్తాను. నీ టైర్ల పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, లోపల మంచు రేకు ఉన్న గుర్తు ఉందో లేదో ఇద్దరం చూద్దాం. చలికి గట్టిపడని రబ్బరుతో మంచు కోసం చేసిన టైరుకే ఆ గుర్తు ఉంటుంది. బెంగళూరులో అమ్మే బండికి అది ఉంటుందని నేను అనుకోవడం లేదు. టార్చి నేను తెస్తాను.