వెయ్యి అనగా 951

తూటా పేలాక మిగిలే ఖాళీ ఇత్తడి గొట్టాలను, అంటే కేసులను, ఒక్కొక్కటిగా లెక్కపెట్టి అమ్మడం అనాగరికం. అమెరికాలో ఇంటి గ్యారేజీలో కూర్చుని తూటాలను తిరిగి నింపుకునే రీలోడింగ్ ప్రియులకు ఈ సంగతి ఎప్పుడో బోధపడింది. షూటింగ్ రేంజ్‌లో నేల మీద రాలిన ఇత్తడి కేసులను ఊడ్చి, ఐదు గ్యాలన్ల బకెట్లో పోసి, ‘9 ఎం.ఎం. వెయ్యి కేసులు, తూకం ప్రకారం’ అని చీటీ అంటిస్తారు. ఆ చీటీలోని చివరి రెండు మాటల్లో ఎంత వేదాంతం ఉందో గ్రహించని కొనుగోలుదారులు ఇంకా మిగిలి ఉన్నారు. ఈ వ్యాసం వారి కోసమే.

ముందు కొలమానం. ఈ లోకంలో గ్రాములకు గౌరవం లేదు. అంతా గ్రెయిన్ల లెక్క, 7000 గ్రెయిన్లు ఒక పౌను. మనవాళ్లు కంగారు పడనక్కర్లేదు. 1833లో కుంఫిణీ దొరలు మన తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లకు ఖాయం చేసి పెట్టారు. 9 ఎం.ఎం. కేసు సుమారు 60 గ్రెయిన్లు కాబట్టి, డాలస్‌లో స్థిరపడిన తెలుగువాడు తులానికి మూడు, వీశెకు మూడు వందల అరవై చొప్పున నిశ్చింతగా బేరమాడవచ్చు. సైన్యం వాడే 7.62 కేసయితే ఒక్కటే తులానికి అటూఇటూగా తూగుతుంది. (ఇది పాత తులం సుమా, బంగారు కొట్లో నేటి పది గ్రాముల తులం కాదు.) తులం ఇంత చవకగా దొరికే చోటు మరొకటి లేదు.

ఇక తూటా సైజుల వారీగా కేసు బరువు చెప్పే పట్టికలు. 9 ఎం.ఎం. కేసు 58 గ్రెయిన్లు, అంటే పౌనుకు 120. .40 ఎస్ అండ్ డబ్ల్యూ 70, పౌనుకు వంద. .45 ఏసీపీ 88, పౌనుకు 80. .223 రెమింగ్టన్ 94, పౌనుకు 74. ఈ అంకెలు తప్పు కావు. ఎవరో ఒకరు ఏదో ఒక కంపెనీ కేసును శుభ్రంగా తోమి, ఆరబెట్టి, వాడిన ప్రైమర్ (కేసు అడుగున ఉండి మందుకు నిప్పు రాజేసే చిన్న మూత) ఊడదీసి తూచినవి. మన బకెట్లో ఉన్నవి తోమినవీ కావు, ఆరినవీ కావు, ప్రైమర్ ఊడినవీ కావు. అంతమాత్రాన పట్టికను అవమానించడం విక్రేత ధర్మం కాదు.

లెక్క చూడండి. పట్టిక ప్రకారం వెయ్యి కేసులంటే 58,000 గ్రెయిన్లు, అంటే 3 కిలోల 760 గ్రాములు. కేసు అడుగున అంటిపెట్టుకున్న వాడిన ప్రైమర్ బరువు సుమారు 3 గ్రెయిన్లు. అది కలిస్తే కేసు 61. అదే 3 కిలోల 760 గ్రాములను 61 గ్రెయిన్ల కేసులతో నింపితే 951 వస్తాయి. విక్రేత ఒక్క అబద్ధమూ ఆడలేదు. పట్టిక నిజం, తక్కెడ నిజం, బకెట్ నిజం. 49 కేసులు మాత్రం మాయ.

ఇది ప్రాథమిక విద్య. పై చదువులకు నీళ్లు కావాలి. స్టీలు సూదులు, సబ్బునీళ్లు పోసిన డ్రమ్ములో తిప్పితే ఇత్తడి తళతళలాడుతుంది. ప్రైమర్ ఊడదీయకుండా తిప్పితే ఇంకా మంచిది. నీరు బయటికి పోయే దారి ఉండదు, అడుగున చిక్కుకుంటుంది. 9 ఎం.ఎం. కేసు నిండా పోస్తే సుమారు 13 గ్రెయిన్ల నీరు పడుతుంది. అందులో పావు వంతు మిగిలినా మరో ఐదు శాతం లాభం. పొరపాటున ఆరబెట్టే పట్టుదల ఎవరికైనా ఉంటే, ప్రైమర్లు ముందే తీసేసి, కూరగాయల ముక్కలు ఎండబెట్టే డీహైడ్రేటర్ ఒకటి దీనికే విడిగా కేటాయించాలి. దాన్ని మళ్లీ వంటింట్లోకి తేకూడదు. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. ఈ ఒక్క వాక్యంలో వ్యంగ్యం లేదు. పొడిగా తోమినప్పుడు లేచే దుమ్ము పీల్చకండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి.

పొడిగా తోమేవారికీ నిరాశ లేదు. మొక్కజొన్న బెండు పొడి, అక్రోటు పెంకుల పొడి కేసుల్లో ఇరుక్కుని కొంత తూగుతాయి. రేంజ్ కంకర మరికొంత తూగుతుంది. ఇక అతిథులు. .380 కేసు 9 ఎం.ఎం. కన్నా రెండు మిల్లీమీటర్లే పొట్టి, కంటికి ఆనదు. నింపేటప్పుడు మాత్రం మెడ బిగుసుకోక బుల్లెట్ వదులుగా కూర్చుంటుంది. .22 కేసులు అయిదారు కలిస్తే ఒక 9 ఎం.ఎం. బరువు. అవి నింపడానికి పనికిరావు, తూకానికి పనికొస్తాయి. అల్యూమినియం కేసు ఇత్తడి కేసులో సగం కూడా తూగదు గనక విక్రేతకే నష్టం. అందుకే దాన్ని నిజాయితీగా ఏరి పారేస్తారు. ఇత్తడి పూత పూసిన ఉక్కు కేసుల విషయంలో అయస్కాంతం తేవడం కొనేవాడి పని.

పేలని తూటా పొరపాటున బకెట్లో పడితే మూడు ఖాళీ కేసుల బరువు లెక్కకు వస్తుంది. ఇక్కడ మళ్లీ వ్యంగ్యం పక్కన పెడదాం. ప్రైమర్ ఊడదీసే సూది కింద అది పడితే పేలవచ్చు. కాబట్టి కొన్న ప్రతి కేసు నోట్లోకి ఒకసారి తొంగి చూడాల్సిందే.

ఇంత చక్కటి శాస్త్రాన్ని చెడగొట్టే మనుషులు కొందరు బయల్దేరారు. వాళ్లు పట్టికను నమ్మరు. బకెట్‌ను జల్లెడ పళ్లేల్లో పోసి .45, .40, 9 ఎం.ఎం., .380లను వేరు చేస్తారు. .40లో 9 ఎం.ఎం., .45లో .40 దూరి దాక్కుంటాయని కూడా తెలుసు వాళ్లకు. తర్వాత పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి పిడికెళ్లు తీసి, కలిపి, వంద కేసులు లెక్కపెడతారు. అవును, లెక్కపెడతారు! ఖాళీ గిన్నె బరువు సున్నా చేసి, ఆ వందను వంటింటి డిజిటల్ తక్కెడ మీద పెడతారు. ఒక్క కేసును అదే తక్కెడ మీద పెడితే అది 4 గ్రాములు అని చెప్పి ఊరుకుంటుంది. గ్రాముకు తక్కువ దానికి కనపడదు, పొరపాటు పది శాతం దాటిపోవచ్చు. వంద పెడితే అదే అర గ్రాము తేడా వెయ్యికి ఒకటో రెండో కేసులకు దిగిపోతుంది. తుపాకి మందు తూచే చిన్న తక్కెడ పదో వంతు గ్రెయిన్ దాకా చెబుతుంది గానీ, సాధారణంగా 1500 గ్రెయిన్లు దాటితే చేతులెత్తేస్తుంది. దాని మీద పాతికకు మించి పెట్టలేరు.

వంద బరువు తెలిశాక మొత్తాన్ని తూచి భాగిస్తారు. కేసుకూ కేసుకూ రెండేసి గ్రెయిన్ల తేడా ఉన్నా, వంద నమూనాతో వెయ్యికి మూడు నాలుగు కేసుల తప్పే వస్తుంది. 49 కాదు. మనిషి బరువు చూసుకునే మిషన్ ఎక్కి, బకెట్‌తో ఒకసారి, బకెట్ లేకుండా ఒకసారి తూచుకునేవారు మాత్రం మన పక్షమే. 0.2 పౌను మెట్టు మెట్టుగా చూపే మిషన్‌లో ఒక్క మెట్టుకు ఇరవై మూడు కేసులు.

.308 (పైన చెప్పిన సైనిక 7.62కు పౌర రూపం) దగ్గర ఈ పట్టింపు ఇంకా ముదురుతుంది. కొన్ని వించెస్టర్ కేసులు 160 గ్రెయిన్ల చుట్టుపక్కల ఉంటే, మిస్సోరీలోని లేక్ సిటీ సైనిక కర్మాగారం కేసులు 180 దాకా వెళతాయి. ఒకే సంచిలో రెండూ ఉంటే తూకం లెక్క ఎనిమిదో వంతు దాకా తప్పుతుంది. పైగా దళసరి కేసు లోపల చోటు తక్కువ. అదే మోతాదు మందు పోస్తే ఒత్తిడి పెరుగుతుంది. హెడ్‌స్టాంప్ (కేసు అడుగున కొట్టిన కంపెనీ ముద్ర) చూసి వేరు చేయమని ఆ మనుషులు గోల పెట్టేది అందుకే.

తూకానికి అసలే తెలియనివి మరికొన్ని. నోరు చీలిన కేసు బరువు తగ్గదు. కుండ కొన్నట్టు పిడికెడు కేసులను అరచేతిలో కుదిపి చూడాలి, చీలింది బొంగురుగా మోగుతుంది. .45 కేసుల్లో పెద్ద ప్రైమర్‌వీ చిన్న ప్రైమర్‌వీ రెండు రకాలున్నాయి. చిన్న గుంటలో పెద్ద ప్రైమర్ నొక్కితే తూటాలు నింపే ప్రెస్ ఇరుక్కుంటుంది. బర్డాన్ రకం కేసులో ప్రైమర్ నిప్పు మందుకు చేరే రంధ్రాలు మధ్యలో ఉండవు, ప్రైమర్ ఊడదీసే సూది విరుగుతుంది. బర్డాన్ అమెరికావాడు, అతని పద్ధతి యూరప్‌లో స్థిరపడింది. మధ్యలో ఒకే రంధ్రం ఉండే పద్ధతి బాక్సర్‌ది. అతను ఇంగ్లండువాడు, అతని పద్ధతి అమెరికాలో.

చివరగా రవాణా. అమెరికా పోస్టాఫీసు వారి ఒకే ధర పెట్టెలో 70 పౌన్ల లోపు ఎంత కుక్కినా అదే చార్జీ. ఈ వ్యాపారం మొత్తంలో తూకం మీద ఆశ లేనిది వాళ్లొక్కరే. ఇత్తడి బరువుకు అట్ట మూలలు చిరుగుతాయి కాబట్టి లోపల రెండు సంచులు తొడగాలి, బయట అంచులన్నిటికీ టేపు చుట్టాలి. దారిలో రాలినవి కూడా ఆ 951లోంచే పోతాయి.