సవరణ: పులికాట్‌లో ఫ్లెమింగోలు గూళ్లు కట్టవు

శీతాకాలంలో ఫ్లెమింగోలు పులికాట్‌కి పిల్లలు పెట్టడానికి వస్తాయని ముందు పోస్టులో రాశాం. తప్పు. అవి వచ్చేది మేతకే. మన దేశంలో వాటి పెద్ద గూళ్ల తావు గుజరాత్‌లోని కచ్ రణ్‌లో ఉంది. పొరపాటంతా ఇక్కడ కనిపించే బూడిద రంగు పిల్లల వల్ల వచ్చింది. ముక్కు కూడా బూడిదగానే ఉంటుంది, ఒంటికి గులాబి తిరగడానికి రెండు మూడేళ్లు పడుతుంది; అంటే ఎగరగలిగే వయసొచ్చాక కూడా అవి బూడిదగానే ఉంటాయి. ఇక్కడికి ఎగిరొచ్చినవే, ఇక్కడ పుట్టినవి కావు.

వేరే పక్షుల గూళ్లు చూడాలంటే నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లండి. సూళ్లూరుపేటకు ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్లు. నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు పిల్లల్ని పెంచుతాయి.

ఇంకోటి: పులికాట్ మధ్యగా వెళ్లే శ్రీహరికోట రోడ్డు మీద పిట్టల కోసం పొద్దున దక్షిణం వైపు చూడమన్నాం. చలికాలంలో ఎండ అటునుంచే కొడుతుంది, పిట్టలన్నీ నల్లటి నీడల్లా కనిపిస్తాయి. ఉత్తరం వైపు చూడండి.