ఎల్‌కేజీ పిల్లల బొమ్మలు మనమెందుకు గీస్తున్నాం?

హనుమకొండ నయీంనగర్ నుంచి వరంగల్ కాశిబుగ్గ దాకా చాలా ప్రైవేట్ స్కూళ్ల నర్సరీ గదుల్లో గోడలు చూడండి. దూది అంటించిన కుందేలు, నల్ల స్కెచ్‌తో అంచు దిద్దిన మామిడిపండు, థర్మకోల్ మీద ఇంద్రధనుస్సు. క్లాసులో ముప్పై మంది పిల్లలుంటే ముప్పై కుందేళ్లు, అన్నింటికీ చెవులు ఒకే వైపు వంగి ఉంటాయి. మూడున్నరేళ్ల పిల్ల కత్తెరతో అంత సాఫీగా కత్తిరించలేదని చిన్నపిల్లలతో ఒక పూట గడిపిన ఎవరికైనా తెలుసు. కత్తిరించింది టీచర్, అంటించింది ఆయా, పిల్ల చేసిందల్లా దాన్ని పట్టుకుని ఫోటోకి నిలబడటం. మధ్యాహ్నానికల్లా ఆ ఫోటో పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది, కింద చప్పట్ల ఎమోజీలు.

తప్పంతా టీచర్లదే అనలేం. ఫీజు కట్టిన తల్లిదండ్రులకు ఏదో ఒకటి చూపించాలి, 'ఇన్ని పైసలు కడుతున్నం, ఏం నేర్పుతున్నరు మేడం' అని అడిగితే పిచ్చి గీతలున్న కాగితం చూపిస్తే నడవదు. ఇంటి దగ్గర కూడా ఇదే కథ. 'ప్రాజెక్ట్ వర్క్' అని డైరీలో రాసి పంపితే రాత్రి స్టేషనరీ షాపు మూసేలోపు ఫోమ్ షీట్, గ్లిట్టర్ కోసం నాన్న బండి మీద ఉరుకుతాడు, అమ్మ కూర్చుని కట్ చేస్తుంది, ఎవరి పేరు మీద ఆ ప్రాజెక్ట్ వెళ్తుందో ఆ పిల్లాడు అప్పటికే నిద్రపోయి ఉంటాడు. తెల్లారి 'గుడ్' అని స్టార్ వచ్చేది అమ్మకే.

మన చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ వయసులో బొమ్మ అంటే చివరికి వచ్చే వస్తువు అని మనం అనుకుంటున్నాం, పిల్లలకేమో అది చేసే పని. మూడేళ్ల పిల్లాడు క్రేయాన్‌తో కాగితం చిరిగేదాకా గుండ్రంగా తిప్పుతున్నాడంటే తన చెయ్యి కదిలితే అక్కడ గీత పడుతోందన్న సంగతిని ఆస్వాదిస్తున్నాడు, అంతే. కొన్ని నెలలకు ఆ సున్నా మూసుకుంటుంది, దాంట్లో రెండు చుక్కలు పడతాయి, తర్వాత తల నుంచే నేరుగా రెండు కాళ్లు వేలాడతాయి, పొట్ట ఉండదు. ప్రపంచంలో చాలా దేశాల్లో పిల్లలు మనిషిని మొదట ఇలాగే గీస్తారు. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో పనిచేసిన కళా విద్య ప్రొఫెసర్ విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1940ల్లోనే ఈ దశలను వివరంగా రాశాడు, రెండు నుంచి నాలుగేళ్ల దాకా గీతల దశ, నాలుగు నుంచి ఏడు దాకా ఆకారాలు రూపం తీసుకునే దశ. గీసిచ్చిన బొమ్మలో రంగు నింపే పుస్తకాల మీద ఆయనకు అప్పుడే కోపం. నాకు అంత కోపం లేదు, కొందరు పిల్లలు ఇష్టంగానే నింపుతారు, కానీ వారంలో ఆర్ట్ పీరియడ్ మొత్తం అదే అయితే మాత్రం అది గీత దాటొద్దని చెప్పే క్లాసే.

'ఆటలు సరే, అక్షరాలెప్పుడు' అని అడిగేవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. మణికట్టులో ఉండే ఎనిమిది చిన్న ఎముకలు పుట్టినప్పుడు మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి, ఒక్కొక్కటిగా ఎముకగా మారుతూ వస్తాయి, ఐదేళ్లకు కూడా ఆ పని పూర్తవదు. వేళ్ల కండరాలకు పట్టు రాకముందే పెన్సిల్ ఇచ్చి 'క్ష', 'ఱ' దిద్దమంటే పిల్ల పిడికిలితో పట్టుకుని కాగితాన్ని పొడుస్తుంది. మన లిపి అసలే వంపుల లిపి. ఆ వంపులు తిప్పే చెయ్యి మట్టి పిసికితే, కాగితం చింపితే, ముద్ద చేస్తే, నీళ్లలో గుడ్డ పిండితే తయారవుతుంది. బాసరకు తీసుకెళ్లి అక్షరాభ్యాసం చేయించడం మన వైపు చాలా ఇళ్లలో ఉన్నదే. ఇంట్లో చేయించేవాళ్లు బియ్యం పళ్లెంలో పిల్ల వేలు పట్టి రాయిస్తారు. వేలితో, బియ్యంలో! ఆ పద్ధతిలో ఎంత తెలివి ఉందో చూడండి, మర్నాటి నుంచి అదే పిల్లకు నాలుగు గీతల నోట్‌బుక్ ఇచ్చి పేజీ నింపమంటున్నాం.

జాతీయ విద్యా విధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా చూడాలంది, 2022లో వచ్చిన దాని పాఠ్య ప్రణాళిక చట్రం ఆటను, కళను చదువులో భాగంగానే రాసింది. 2023 ఫిబ్రవరిలో 'జాదూయీ పిటారా' పేరుతో బొమ్మలు, కార్డులు, పజిల్స్ ఉన్న పెట్టె కూడా విడుదల చేశారు. కాగితం మీద లోటేమీ లేదు.

సామాన్లకు కూడా మనకు లోటు లేదు, అసలు నాకు అర్థం కానిది ఇదే. దసరా సెలవుల ముందు స్కూళ్లలో బతుకమ్మ సంబరాలు చేస్తారు, బతుకమ్మ పేర్చేది తల్లులు, టీచర్లు, పిల్లలు లంగా జాకెట్లు వేసుకుని ఫోటో దిగుతారు. అదే రోజు పొద్దున ఒక కట్ట గునుగు పూలు, నాలుగు గిన్నెల్లో రంగునీళ్లు పిల్లల ముందు పెడితే? గునుగు కొసలు రంగులో ముంచి ఆరబెట్టడం మన ఇళ్లలో ఎప్పుడూ చేసే పనే. తంగేడు ఒక వరస, గునుగు ఒక వరస, బంతి ఒక వరస అని పళ్లెంలో పేర్చమంటే లెక్కల పుస్తకంలో 'ప్యాటర్న్' అని చెప్పే పాఠం అక్కడే అయిపోతుంది. పూలు నలుగుతాయి, బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది, ఒరగనివ్వండి. హోలీకి మోదుగ పూలు ఉడకబెట్టిన నారింజ నీళ్లున్నాయి. పసుపు నీళ్లలో చిటికెడు వంటసోడా టీచర్ వేస్తే రంగు ఎర్రబడుతుంది, పిల్లలు ఆ రోజంతా దాని గురించే మాట్లాడతారు. వినాయక చవితికి ఎలాగూ మట్టి తెస్తారు, రెండు ముద్దలు ఎక్కువ తెచ్చి వినాయకుడి అచ్చు ఇవ్వకుండా వదిలేస్తే వాళ్లు పాము చేస్తారో, రొట్టె చేస్తారో చూడొచ్చు. చేర్యాల నకాషీ కళాకారులు చింతగింజల బంక, చెక్కపొట్టు కలిపి మాస్కులు చేస్తారు, ఇంట్లో అంత కష్టం అక్కర్లేదు, మైదా ఉడికించిన బంక చాలు. బజార్లో దొరికే ముగ్గు రంగులు, గ్లిట్టర్ మాత్రం ఈ వయసు పిల్లలకు వద్దు, చెయ్యి నేరుగా నోట్లోకే పోతుంది. చింతగింజలు, పూసల్లాంటివి కూడా మరీ చిన్నపిల్లలకు దూరంగా ఉంచాలి, గొంతులో పడతాయి.

ఈ విషయంలో అంగన్‌వాడీలకే ఎక్కువ అవకాశం ఉందని నా అభిప్రాయం. అక్కడ స్టార్లు లేవు, ప్రాజెక్టులు లేవు, చాలాచోట్ల ముందర కొంచెం ఖాళీ జాగా ఉంటుంది. కానీ ఆ టీచర్ నెత్తిన రిజిస్టర్లు, బరువులు తూచడం, గుడ్ల లెక్క, యాప్‌లో ఎంట్రీలు, ఆపైన సర్వేలు. గంటసేపు పిల్లల మధ్య కింద కూర్చోవడానికి ఆమెకు తీరిక దొరికితే కిట్‌లు పంపినదానికంటే ఎక్కువ పని జరుగుతుంది.

ప్రైవేట్ స్కూల్ టీచర్లు చెప్పే మాట కూడా నిజమే, ముప్పై మంది, ఒక్క గది, తెల్ల యూనిఫాం, మరక పడితే ఇంటి నుంచి ఫోన్. అందరికీ ఒకేసారి రంగులు ఇస్తే ఎవరివల్లా కాదు. ఐదారుగురిని ఒక మూలకు పిలిచి, మిగతావాళ్లకు వేరే ఆట ఇచ్చి, వంతులవారీగా తిప్పొచ్చు. నాన్నల పాత షర్టులు వెనక్కి తిప్పి తొడిగితే యూనిఫాం బతుకుతుంది. తల్లిదండ్రులు ఆ షర్టు పంపాలి, మరక పడిందని ఫోన్ చేయకూడదు. పిల్ల కాగితం తెచ్చి చూపిస్తే 'ఇదేంది బిడ్డా, ఏనుగా కుక్కా' అని పరీక్ష పెట్టే బదులు 'దీని సంగతి చెప్పు' అంటే చాలు, చాలామంది పిల్లలు ఐదు నిమిషాలు ఆపకుండా చెబుతారు.

అడ్మిషన్ల కోసం స్కూళ్లు తిరిగేటప్పుడు 'ఆర్ట్ రూమ్ ఉందా' అని అడగడం మానేసి, పోయిన వారం ఎల్‌కేజీ పిల్లలు గీసిన కాగితాలు చూపించమనండి. అన్నీ ఒకేలా ఉంటే ఎవరు గీశారని అడగండి. చూపించడానికి అసలు కాగితాలే లేకపోతే ఫీజు మాట్లాడే ముందు ఇంకో రెండు స్కూళ్లు చూడండి.