హెచ్‌డీసీపీ కంప్లయంట్ స్విచ్చర్ ఉంటే అన్నీ ప్లే అవుతాయా?

“హెచ్‌డీసీపీ కంప్లయంట్ అని రాసున్న స్విచ్చర్ కొంటే ఏ వీడియో అయినా ఏ స్క్రీన్ మీదైనా వస్తుంది. రాలేదంటే తప్పు కేబుల్‌దే. అయినా 2010లోనే కీ లీకైపోయింది, ఈ కాపీ రక్షణ ఇప్పుడు ఉత్తిదే.” ఈ మాట చాలామంది షేర్ చేస్తున్నారు. (హెచ్‌డీసీపీ అంటే కాపీ కొట్టకుండా, పరికరాల మధ్య వెళ్లే వీడియోకి రహస్య కీలతో తాళం వేసే రక్షణ. స్విచ్చర్ అంటే చాలా పరికరాల వీడియోల్లో కావాల్సినదాన్ని స్క్రీన్‌కి పంపే పెట్టె.) నమ్మి పరికరాలు కొన్నవాళ్లకి, తీరా ప్రోగ్రామ్ మొదలయ్యే వేళకి స్క్రీన్ నల్లగా ఉంటే ఎంత టెన్షనో!

మొదటి మాటే తలకిందులు. కంప్లయంట్ అంటే బొమ్మ చూపిస్తానన్న హామీ కాదు, నియమం పాటిస్తానన్న హామీ. బ్లూ-రే ప్లేయర్ నుంచి రక్షణ ఉన్న సినిమా వస్తుంటే, హెచ్‌డీసీపీ లేని పాత ప్రొజెక్టర్‌కో రికార్డర్‌కో స్విచ్చర్ దాన్ని పంపకూడదు. అక్కడ స్క్రీన్ నల్లబడిందంటే స్విచ్చర్ సరిగ్గా పనిచేస్తున్నట్టే. వెర్షన్ కూడా చూడాలి. 4కే సినిమాలు చాలావరకు హెచ్‌డీసీపీ 2.2 అడుగుతాయి, దారిలో ఒక్క పరికరం 1.4 దగ్గర ఆగిపోయినా 4కే బొమ్మ అక్కడితో సరి. హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు ఉంది కదా అని 2.2 ఉన్నట్టు కాదు, ఆ రెండూ వేరు. కలిపే పరికరాల సంఖ్యకీ హద్దుంది: 1తో మొదలయ్యే వెర్షన్లలో (1.x) మొత్తం 128, 2.2లో 32 మాత్రమే. కొన్ని ప్లేయర్లు అంతకన్నా చాలా తక్కువకే ఆగిపోతాయి.

కేబుల్ సంగతి తేల్చుకోవడం తేలికే. ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ శుభ్రంగా కనిపించి, సినిమా పెట్టగానే నల్లబడితే ముందు హెచ్‌డీసీపీని అనుమానించాలి. చుక్కలు మెరవడం, బొమ్మ వచ్చి పోవడం ఉంటే కేబుల్‌ని చూడాలి. (పరికరాలు ఒకదాని కీని ఒకటి సరిచూసుకునే పరీక్ష కూడా ఆ కేబుల్‌లోని సన్నని తీగల మీదే నడుస్తుంది కాబట్టి, మరీ పొడవైన కేబుల్‌కి పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వలేం.)

అందరికీ చెప్పాల్సిన అసలు విషయం మాత్రం ఎవరూ షేర్ చేయడం లేదు. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఎదుటి పరికరానికి హెచ్‌డీసీపీ ఉందని తెలియగానే, మనం తయారుచేసుకున్న స్లయిడ్లని కూడా తాళం వేసి (ఎన్‌క్రిప్ట్ చేసి) పంపుతాయి. దాంతో మన సొంత ప్రసంగమే రికార్డు కాదు. ప్రొఫెషనల్ స్విచ్చర్లు చాలావాటిలో ఒక్కో ఇన్‌పుట్‌కి హెచ్‌డీసీపీ ఆఫ్ చేసే సెట్టింగ్ ఉంటుంది. అది ఆఫ్ చేస్తే ల్యాప్‌టాప్ మామూలు సిగ్నల్ పంపుతుంది, స్లయిడ్లు రికార్డవుతాయి. రక్షణ ఉన్న సినిమా మాత్రం ఆ ఇన్‌పుట్‌లో రాదు, రాకూడదు కూడా. ఇది దొంగదారి కాదు, నియమం లోపలి పద్ధతే.

ఇక లీకు. 2010 సెప్టెంబరులో మాస్టర్ కీ (పరికరాల కీలన్నీ తయారుచేయగల అసలు కీ) బయటపడిన మాట నిజమే, హెచ్‌డీసీపీని తయారుచేసిన ఇంటెల్ కూడా ఒప్పుకుంది. కానీ అది 1.x వెర్షన్ల కీ. 2.x వెర్షన్లు ఆర్‌ఎస్‌ఏ, ఏఈఎస్ అనే వేరే ఎన్‌క్రిప్షన్ పద్ధతులతో కొత్తగా కట్టినవి, ఆ కీతో తెరుచుకోవు. పాత 1.x పరికరాల్లో కూడా పరీక్ష ఆగలేదు: కనెక్ట్ చేసిన ప్రతిసారీ ప్లేయర్ అడుగుతుంది, జవాబు సరిగ్గా రాకపోతే బొమ్మ ఆపేస్తుంది.