మాంటిల్ వారికి ఒక మనవి

మహారాజశ్రీ మాంటిల్ గారికి,

ఉభయకుశలోపరి. అన్నానే గానీ, బూడిదని కుశలమేమిటని అడగడం కాస్త ఇబ్బందే. పెట్రోమాక్స్ దీపంలో కట్టే గుడ్డసంచీ తమరు; కొత్త పొట్లం విప్పి కట్టగానే ఒళ్లు తగలబెట్టుకుని, గుడ్డంతా పోయాక మిగిలిన తెల్లటి గూడుతో వెలిగే ఘనులు.

తమరి పుట్టిల్లు వియన్నా. 1885లో ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త గారు నూలుగుడ్డని మెగ్నీషియం, లాంథనం, ఇట్రియం లవణాల్లో ముంచి పేటెంటు పుచ్చుకున్నారు. అప్పట్లో తమరి వెలుగు ఆకుపచ్చ. ఆ వెలుగులో పెళ్లిచూపులు పెడితే ఒక్క సంబంధమూ కుదిరేది కాదు. 1889కల్లా తమరిని తయారుచేసే కర్మాగారం మూతపడింది. 1891లో 99 పాళ్లు థోరియం, ఒక్క పాలు సీరియం కలిపాకే తమరి మొహం తెల్లబడింది. మా పాలవాడు కూడా నీళ్లు ఇంత లెక్కగా కలపడు.

తమరి మొదటి కాపురం బొగ్గు గ్యాసుతో. కిరసనాయిలుతో తర్వాత. అయినా మావాళ్లు చివరిదాకా గ్యాసులైటనే పిలిచారు, మొదటి మొగుడి ఇంటిపేరులా. షికాగోలో 1908లో మొదలైన కంపెనీ తమరిని ఒత్తిదీపం మీద కూర్చోబెట్టి, అల్లాదీనని పేరుపెట్టి, దీనికి సాటి నూనెదీపం చూపిస్తే వెయ్యి డాలర్లని ప్రకటనలిచ్చింది. 1909లో షోంబర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త తిరువాన్కూరు తీరంలో, మణవాళకురిచ్చి దగ్గర, థోరియమున్న మోనజైట్ ఇసుకని పట్టుకున్నాడు. ఆచూకీ ఇచ్చింది కొబ్బరిపీచుకి అంటుకుపోయిన ఇసుకట. అలా ఇసుక మాది, దర్జా తమరిది. థోరియానికి రేడియోధార్మికత ఉందని మాత్రం, తమరి పక్కనే చాప పరుచుకుని వీధినాటకం చూసినన్నాళ్లూ మాకెవరూ చెప్పలేదు.

ఇక అసలు ఫిర్యాదు. మా పిన్ని పెళ్లి. స్పిరిటు పోసి, మంట అంటించి, గాలి కొట్టి, పిన్ను తిప్పి, మావయ్య చెమటలు కక్కి వెలిగించాడు. బుస్సుమంటూ పందిరంతా పట్టపగలైంది. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళ పురోహితుడు తుమ్మాడు. తమరు రాలిపోయారు. అత్తిపత్తి నయం, ముడుచుకున్నా మళ్లీ విచ్చుకుంటుంది! చీకట్లో బెల్లం ఎవరి నెత్తిన పడిందో మా బాబాయి ఇప్పటికీ చెప్పడు.

ఇవాళ అటక మీంచి ఆ దీపం దించుతున్నారు. తమరి ఆఖరి అవతారం ఇంకా చెక్కుచెదరకుండా వేలాడుతోంది. దుమ్ముకి ముక్కు దురదపెడుతోంది. తుమ్ము ఆపుకుంటూ ముగిస్తున్నాను.

ఇట్లు,
పెళ్లినాడు నిచ్చెన పట్టుకున్నవాడు